గుమ్మం ముందు జత

భార్య చనిపోయిన మగవాడు షార్జాలో బ్యాచిలర్ కింద లెక్క. తల నెరిసినా, ఇరవై ఏళ్ళకు పైగా ఇదే ఊళ్ళో పిల్లలకి లెక్కలు చెబుతున్నా అంతే. భార్య పక్కనుంటే ఫ్యామిలీ, లేకపోతే బ్యాచిలర్. ఈ రెండింటికీ మధ్య ఇంకో మాట ఈ ఊరి వాళ్ళ దగ్గర లేదు.

పాత బిల్డింగు పడగొడుతున్నామని తలుపు తలుపుకీ కాగితం అంటించిన రోజు మలయాళీ మాస్టారు పౌలోస్ మాష్‌కి ఈ సంగతి తెలిసింది. భార్య ఏలమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆవిడ ఉన్నప్పుడు ఏ బిల్డింగు నాతూర్ దగ్గరికి వెళ్ళినా ఆ కాపలావాడు తాళంచెవుల గుత్తి పట్టుకుని ముందు నడిచేవాడు. ఇప్పుడు ఏ బిల్డింగుకి వెళ్ళినా కాపలావాళ్ళు కుర్చీలోంచి లేవకుండానే "ఫ్యామిలీ?" అని అడుగుతున్నారు. లేదంటే చెయ్యి ఊపేస్తున్నారు, ఈగని తోలినట్టు.

శుక్రవారం మధ్యాహ్నం బ్రోకర్ సాజు అతన్ని రోలా పేటలో ఒక ఫ్లాటుకి తీసుకెళ్ళాడు. స్కూలు ఇంటి కోసం ఇచ్చే డబ్బుకి అంతకంటే రాదని దారిలోనే చెప్పాడు. హాలుని ప్లైవుడ్ చెక్కలతో కోసి గదులు చేశారు. ఒక్కో గదిలో రెండేసి అంతస్తుల మంచాలు, మంచానికో పాత చీర పరదా. ఖాళీగా ఉన్నది పై మంచం. ఎక్కడానికి ఇనప మెట్లు. మాష్ వాటి మీద చెయ్యి వేసి ఊపి చూశాడు. ఈ మోకాళ్ళతో రోజూ ఎక్కగలనా అని ఒకసారి ఆలోచించాడు.

కింది మంచం మీద ఒకడు పొట్లం విప్పుకుని అన్నం తింటున్నాడు. తలెత్తి చూసి, అన్నం చేత్తోనే లేచి నిలబడ్డాడు.

"మాష్, మీరా? నేను నిషాద్‌ని. మీ దగ్గర టెన్త్ చదివా. వెనక బెంచీ."

మాష్ గుర్తుపట్టాడు. బోర్డు మీద వృత్తం గీయమంటే కోడిగుడ్డు గీసినవాడు.

"మా ఊరి కుర్రాడొకడు కొత్తగా వచ్చాడు," అన్నాడు మాష్. "వాడికి చూద్దామని."

"ఇక్కడొద్దు మాష్. నల్లులు. మీ మనిషంటున్నారు కాబట్టి చెప్తున్నా. మా ఓనరుకి చెప్పకండి." నిషాద్ ఎడం చేత్తో కుర్చీ తుడిచి లాగాడు. "కూర్చోండి. చేపల పులుసు బావుంది, కాస్త తినండి."

"తిన్నాను."

మెట్లు దిగుతుంటే సాజు వెనకనుంచి అడిగాడు. "మాషే, మీ ఊరి కుర్రాడికి వయసెంతుంటుంది? మోకాళ్ళ నొప్పులు గానీ ఉన్నాయా?"

మాష్ కమ్మీ పట్టుకుని దిగుతూనే ఉన్నాడు. సాజు నవ్వుకున్నాడు. తన పని తను చేస్తున్నవాడి నవ్వు, అందులో పగ లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మరుసటి వారం స్టాఫ్ రూములో అరబిక్ చెప్పే సుడానీ టీచరు, అల్‌తయ్యిబ్, తనంతట తనే వచ్చి పక్కన కూర్చున్నాడు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటాడు, చలి లేని ఊళ్ళో కూడా. ఏలమ్మ పోయిన మర్నాడు మిగతావాళ్ళు సానుభూతి కార్డు మీద సంతకాలు పెడితే, ఇతను మాష్ ఎదుటికొచ్చి నిలబడి, అరచేతులు చాచి, పెదవులు కదుపుతూ ఏదో చదివి వెళ్ళాడు. అందరి ముందూ అలా నిలబడటం మాష్‌కి అప్పట్లో నచ్చలేదు.

"ఉస్తాద్, ఇల్లు చూస్తున్నారట. మా బిల్డింగులో, మా అంతస్తులోనే ఒక గది ఖాళీ అయింది. లిఫ్టు వారంలో నాలుగు రోజులు పని చెయ్యదు, అందుకే అద్దె తక్కువ. కాపలా జర్‌వలీ మంచివాడు."

"ఫ్యామిలీ బిల్డింగేనా?"

"ఫ్యామిలీకే ఇస్తారు. మా ఆవిడా పిల్లలూ వస్తున్నారని చెప్తేనే నాకూ ఇచ్చారు. యుద్ధంలో మా ఊరు ఓందుర్మాన్‌నుంచి బయటపడి ఇప్పుడు కైరోలో ఉన్నారు. ఇల్లుంటేనే వాళ్ళకి వీసా ఇస్తారు, వాళ్ళుంటేనే ఇల్లిస్తారు. మొత్తానికి ఇల్లు ముందు దొరికింది." అతను టీ తాగాడు. "మీరు వెళ్ళి అడగండి. ఏం చెప్తారో మీ ఇష్టం."

జర్‌వలీ పఠాన్. గడ్డానికి గోరింట పెట్టుకుంటాడు. గది తెరిచి చూపించాడు. ఒక కిటికీ, ఒక వంటమూల, గోడ మీద ఎవరో చిన్నపిల్లలు రంగు పెన్సిలుతో గీసిన పడవ.

"ఫ్యామిలీ ఉందా, మాస్టర్ సాబ్?"

"ఉంది."

"ఎక్కడ?"

"ఊళ్ళో."

అందులో అబద్ధం లేదని మాష్ తనకి తను చెప్పుకున్నాడు. కేరళలో పాలా దగ్గర చర్చి వెనక, గోడ పక్కన మూడో వరసలో ఉంది ఏలమ్మ. ఊళ్ళోనే ఉంది. ఎక్కడికీ పోలేదు.

"తొందరగా పిలిపించుకోండి," అన్నాడు జర్‌వలీ. "ఈలోగా గుమ్మం బయట ఆడవాళ్ళ చెప్పులు పెట్టండి. ఓనరు మనిషి అబూ రామి తనిఖీకి వస్తే బెల్లు కొట్టడు, కింద చూసుకుంటూ పోతాడు. మగవాళ్ళ బూట్లు కుప్పగా కనిపిస్తే బ్యాచిలర్లు. ఆడవాళ్ళవో పిల్లలవో కనిపిస్తే ఫ్యామిలీ. మా ఊళ్ళో మనిషి మొహం చూస్తారు. ఇక్కడ కాళ్ళ కిందవి చూస్తారు, ఏం చేస్తాం."

సామాను చేర్చే రోజు లిఫ్టు పని చెయ్యలేదు. తయ్యిబ్ పరుపుని తల మీద పెట్టుకుని మూడంతస్తులు ఎక్కాడు. చిన్న ఫ్రిజ్‌ని ఇద్దరూ కలిసి మెట్టు మెట్టుకీ దించి ఎత్తి, దించి ఎత్తి తెచ్చారు. మాష్ వద్దంటూనే ఉన్నాడు, అతను వినలేదు.

ఏలమ్మ బట్టలు చర్చివాళ్ళకిచ్చేశాడు గానీ చెప్పులు ఇవ్వలేదు. ఎవరి పాదానికీ సరిపోవు. ఆవిడకి ఎడమ మోకాలు నొప్పి, ఆ కాలు ఈడుస్తూ నడిచేది. ఎడమ చెప్పు మడమ లోపలివైపు బాగా అరిగి ఒరిగిపోయింది. గోధుమరంగు జత. రోలాలో బస్టాండు ఎదురుగా కొన్నది, బేరమాడి, తిరిగి వెళ్ళిపోతున్నట్టు నటించి, మళ్ళీ వచ్చి కొన్నది. మాష్ అట్టపెట్టెలోంచి తీసి, తడిగుడ్డతో తుడిచి, గుమ్మం బయట గోడవైపు ముందు భాగం ఉండేటట్టు జతగా పెట్టాడు. దుకాణంలో పెట్టినట్టు.

తయ్యిబ్ ఎదురింటి గుమ్మంలో నిలబడి చూశాడు. అతని గుమ్మం ముందు కూడా ఒక వరస ఉంది. బంగారు గీతలున్న ఆడవాళ్ళ చెప్పులు, పక్కన రెండు జతల చిన్న క్యాన్వాస్ బూట్లు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు.

ఏలమ్మ లేదని తెలిసినవాడు ఈ బిల్డింగులో ఒక్కడే ఉన్నాడని ఆ రాత్రి మాష్‌కి తట్టింది. సాయం చేసినవాడూ వాడే. ఈ రెండోది ఆలోచిస్తే మొదటిది ఇంకా బరువైంది.

మర్నాడు పొద్దున్న పాలకని తలుపు తీస్తే చెప్పుల్లో ఒకటి పక్కకి తిరిగి ఉంది. తుడిచేవాళ్ళ కర్ర తగిలుంటుందనుకుని సరిచేశాడు. ఆ మర్నాడు రెండూ వేరే గోడ దగ్గరున్నాయి. ఒకరోజు ముందు భాగాలు తలుపువైపు తిరిగి, అప్పుడే ఎవరో లోపలికెళ్ళినట్టు. ఒకరోజు ఎడమ చెప్పు పట్టీ మీద తడి. మాష్ వంగి జత కలిపేవాడు. కలిపినప్పుడల్లా ఏలమ్మ మీద చిరాకు పడినట్టే పడేవాడు, ఆవిడ చెప్పులు ఎప్పుడూ ఇలాగే విడిచేది.

అదే అంతస్తులో చివరింట్లో మొయ్దు ఉంటాడు. కఫెటేరియా నడుపుతాడు. భార్య ఉమైబా, ముగ్గురు ఆడపిల్లలు. మలయాళీ మాష్ వచ్చాడని ఉమైబాకి సంతోషం పట్టలేదు. ఒక సాయంత్రం లిఫ్టు పని చేస్తోంది. మాష్, తయ్యిబ్, ఉమైబా అందులో ఇరుకుగా నిలబడ్డారు.

"మాషే, మా చేచ్చి, మీ ఇంటావిడ, ఎప్పుడొస్తారు? చెప్పులు చూస్తున్నా, మనిషి కనిపించట్లేదు. వచ్చారా, వెళ్ళారా?"

"వచ్చి వెళ్ళింది. మోకాలికి వైద్యం చేయిస్తోంది ఊళ్ళో."

"మోకాలా? మా అమ్మకీ అదే. కోట్టక్కల్ తైలం రాస్తే లేచి కూర్చుంది. నేను పంపిస్తా."

తయ్యిబ్ లిఫ్టు తలుపు మీద మారుతున్న అంకెలు చూస్తూ నిలబడ్డాడు. అతనికి మలయాళం రాదు. కానీ చేచ్చి, మోకాలు అంటూ ఉమైబా తన మోకాలు తట్టి చూపించింది. తెలియకపోవడానికి ఏముంది. మూడో అంతస్తులో దిగి, "మసా అల్ ఖైర్, ఉస్తాద్," అని తన తలుపు తీసుకున్నాడు.

ఉమైబా అన్నమాట ప్రకారం తైలం సీసా తెచ్చిచ్చింది. మాష్ రెండు చేతుల్తో తీసుకున్నాడు. వంటమూలలో ఉప్పు డబ్బా పక్కన పెట్టాడు. దాన్ని చూసినప్పుడల్లా ఎదురింటి తలుపు గుర్తొచ్చేది. ఆ తలుపు వెనక ఒకడు తన పరువుని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. వాడు గట్టిగా పట్టుకోలేదు, పిండలేదు, చూపించలేదు. అయినా గుప్పిట వాడిది.

శుక్రవారం నమాజు తరవాత తయ్యిబ్ దగ్గరికి నలుగురైదుగురు సుడానీలు వచ్చేవాళ్ళు. తలపాగాలు, తెల్లని పొడుగు జుబ్బాలు. వేగించిన కాఫీ గింజల వాసన అంతస్తంతా పట్టేది. పెద్దగా నవ్వుకునేవాళ్ళు. ఒకసారి ఎవరో ఏడ్చారు కూడా, వాళ్ళ ఊరినుంచి ఫోనొస్తే.

ఒక ఆదివారం రాత్రి మొయ్దు లుంగీ మీద చొక్కా తొడుక్కుని మాష్ తలుపు తట్టాడు.

"మాషే, మీరే చెప్పాలి. మీరు పెద్దవాళ్ళు, టీచరు. నాకు ముగ్గురు ఆడపిల్లలు. వరండాలోకి రావాలంటే తొంగిచూసి రావాలా? ఫ్యామిలీ వస్తుంది, వస్తుంది అంటాడు. ఎప్పుడు? మూడు నెలలనుంచీ వస్తూనే ఉంది. కైరో ఏమన్నా చంద్రుడి మీదుందా?"

"చూద్దాం."

"చూడటం కాదు. రేపు అబూ రామి వస్తున్నాడు, నేనే పిలిచా. నేనొక్కణ్ణే చెప్తే, టీ అమ్ముకునేవాడి మాట ఎవడు వింటాడు? మీరు పక్కనుండండి. మీ ఇంట్లోనూ ఆడమనిషి ఉంది కదా."

మాష్ కాసేపు తలుపు గొళ్ళెం పైకీ కిందకీ ఆడించాడు.

"వస్తాను," అన్నాడు.

ఎందుకొప్పుకున్నాడో ఆ రాత్రి విడమర్చి చూసుకోలేదు. లెక్కల మాష్‌కి అది చేతకాని పని కాదు. చూసుకోదలుచుకోలేదు.

అబూ రామి సాయంత్రం వచ్చాడు. సిరియావాడు, బొద్దుగా, చేతిలో రెండు ఫోన్లు. మొయ్దు అరబిక్, హిందీ కలిపి చెప్పుకుంటూ పోయాడు. జర్‌వలీ గోడకానుకుని నిలబడ్డాడు. తయ్యిబ్ తలుపు తీసి బయటికొచ్చాడు. ఇస్త్రీ చేసిన స్కూలు చొక్కా ఇంకా వంటి మీదే ఉంది.

"ఫ్యామిలీ ఉంది," అన్నాడు తయ్యిబ్. "వీసా కాగితాలు ఆఫీసులో పెట్టాను. ఈ నెలలో వచ్చేస్తుంది అంటున్నారు. నా ఇంటి ఒప్పందం చూసే ఆ కాగితాలు తీసుకున్నారు." అబూ రామి మొహం చూసి, గుమ్మం ముందున్న వరస వైపు చెయ్యి చూపించాడు. "ఇవి వాళ్ళవే."

అబూ రామి కిందకి చూశాడు. చెప్పులూ చిన్న బూట్లూ చూసి భుజాలు ఎగరేశాడు. మొయ్దు వైపు తిరిగి, ఇంకేమిటి అన్నట్టు మొహం పెట్టాడు. అంతటితో అయిపోయేదే. రెండో ఫోను మోగుతోంది, అతను వెళ్ళిపోయేవాడే.

పౌలోస్ మాష్ ముందుకొచ్చాడు. వంగాడు. ఎర్ర క్యాన్వాస్ బూటు ఒకటి తీసి తలకిందులు చేసి అబూ రామికి చూపించాడు.

"అడుగు చూడండి. ఇది నేల మీద ఎప్పుడూ పడలేదు. ధర చీటీ జిగురు కూడా పోలేదు." తరవాత బంగారు గీతల చెప్పు తిప్పాడు. "ఇదీ అంతే. ఇవి వేసుకున్నవాళ్ళు లేరు. ఇవి కొనుక్కొచ్చి పెట్టినవి."

క్లాసులో తప్పు లెక్క బోర్డు మీద విప్పి చూపించే గొంతు అది. తన గొంతు తనకే వినపడింది, నిలకడగా, స్పష్టంగా.

అబూ రామి ఫోను జేబులో పెట్టుకున్నాడు. మొయ్దు, తనకి ఇంత తట్టనేలేదన్నట్టు, మాష్ వైపు గౌరవంగా చూశాడు.

తయ్యిబ్ మాష్ మొహం వైపు చూడలేదు. మాష్ భుజం మీదుగా ఎదురుగుమ్మం వైపు చూశాడు. అక్కడ గోధుమరంగు చెప్పులు ఒకదానికొకటి దూరంగా పడి ఉన్నాయి, ఎడమది కాస్త ఒరిగి. ఆ చూపు వెంటే అబూ రామి చూపు కూడా వెళ్ళింది. మాష్ చేతిలోని ఎర్ర బూటుని గట్టిగా పట్టుకున్నాడు. ఇప్పుడంటాడు. ఒక్క మాట చాలు. ఆవిడ చనిపోయింది, నేనే ప్రార్థన చేశాను అంటే చాలు.

అబూ రామి వెళ్ళి బూటు మొనతో ఎడమ చెప్పుని తిప్పి చూశాడు. అరిగిన మడమ కనిపించింది.

"ఇదీ ఫ్యామిలీ అంటే," అన్నాడు తయ్యిబ్‌తో. "అరిగిపోయిన చెప్పు. చూశావా?"

"చూశాను," అన్నాడు తయ్యిబ్.

మాష్ చేతిలోంచి ఎర్ర బూటు తీసుకుని, నీలం జత పక్కన పెట్టి, వరస సరిచేసి లోపలికెళ్ళాడు.

వారం లోపలే ఖాళీ చేశాడు. లిఫ్టు ఆ రోజు కూడా పని చెయ్యలేదు. మాష్ స్కూల్లో ఏదో పని పెట్టుకుని చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. ఎదురుగుమ్మం ముందు నేల శుభ్రంగా ఉంది. మొయ్దు ఇంటినుంచి ఒక పళ్ళెంలో పత్తిరి, బియ్యప్పిండి రొట్టెలు, పంపించారు, కోడికూరతో. మాష్ తిన్నాడు. పారెయ్యలేదు, అన్నీ తిన్నాడు.

మర్నాడు పొద్దున్న తలుపు తీశాడు. చెప్పులు తను పెట్టినచోటే, జతగా ఉన్నాయి. ఆ మర్నాడూ అంతే. ఆ తరవాతి రోజూ అంతే. శనివారం దుమ్ముగాలి వీచింది. కిటికీ సందుల్లోంచి ఇసక వచ్చి వరండా అంతా పరుచుకుంది. ఏలమ్మ చెప్పుల మీద కూడా సన్నటి పొర పడింది, పట్టీల మీద, వేళ్ళ గుంటల్లో. దానిమీద ఏ గుర్తూ లేదు. మాష్ వాటి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

జర్‌వలీ చీపురుతో ఊడ్చుకుంటూ వచ్చాడు. చెప్పుల దగ్గరికి రాగానే వాటి చుట్టూ తిప్పి ఊడ్చాడు.

"జర్‌వలీ, ఇవి నువ్వు కదుపుతావా?"

"నేనెందుకు తాకుతాను, మాస్టర్ సాబ్? ఇంట్లో ఆడమనిషివి." గడ్డం గోక్కున్నాడు. "ఆ సుడానీ కదిపేవాడు. మీకు తెలీదా? తెల్లారగట్ల ఫజర్ నమాజుకి బయల్దేరేవాడు కదా, ఎవరూ లేవకముందు. రోజూ వంగి, చేత్తో ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టేవాడు. ఒక్కోరోజు నమాజుకి ముందు వుజూ చేసి కడుక్కున్న తడి చేత్తో పట్టీ తుడిచేవాడు. ఇదేం పనని నేనోసారి నవ్వా. చెప్పులు జతగా ఉంటే ఇంట్లో మనిషి లేనట్టుంటుంది అన్నాడు. పిచ్చివాడనుకున్నా."

"ఇంకేమన్నాడు?"

"ఏమీ లేదు. పాపం, తన గుమ్మం ముందువి మాత్రం వరసగానే పెట్టుకునేవాడు. కొత్తవి కదా, మాసిపోతాయని." జర్‌వలీ చీపురు దులిపాడు. "వాళ్ళ కాగితాలు వెనక్కొచ్చేశాయట. ఇంటి ఒప్పందం లేదు కదా మరి. ఇప్పుడు రోలాలో ఎక్కడో పై మంచం దొరికిందని చెప్పాడు."

మాష్ లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ రోజు వండుకోలేదు.

సోమవారం స్టాఫ్ రూములో తయ్యిబ్ ఎప్పటిలాగే టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు. మెడ మీద ఎర్రటి దద్దుర్లు, నల్లులు కుట్టినవి. మాష్ తన కుర్చీ దాకా వెళ్ళి, కూర్చోకుండా నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలని ఇంటినుంచి బయల్దేరినప్పుడు అనుకున్నాడు. స్కూలు బస్సులో అనుకున్నాడు.

తయ్యిబే తలెత్తాడు.

"ఉస్తాద్, కులాసానా? ఇల్లు బావుందా?"

"బావుంది."

"ఇప్పుడు ఎవరు కదుపుతున్నారు?"

గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు, అబూ రామి మళ్ళీ వస్తాడు కదా అన్న ఆలోచనతో. మాష్‌కి అది అర్థమైంది. ఎత్తిపొడిచి ఉంటే తట్టుకునేవాడు. పది మందిలో ఊసి ఉంటే తుడుచుకుని సరిపెట్టుకునేవాడు.

తయ్యిబ్ పక్క కుర్చీ కాస్త జరిపాడు. "కూర్చోండి. ఆ రోజు సంగతి నేను..."

"వద్దు," అన్నాడు పౌలోస్ మాష్.

"లేదు, ఒక్క మాట. నాకు మీ మీద..."

"వద్దన్నానా. క్షమించానని నాతో అనొద్దు. ఆ సంగతి మీరెత్తొద్దు, నేనూ ఎత్తను. ఈ రోజు కాదు, ఎప్పుడూ."

గంట కొట్టారు. మాష్ సుద్దముక్కలు జేబులో వేసుకుని తొమ్మిదో తరగతికి నడిచాడు.